కీ ఇచ్చానన్న మాట

"తాతయ్యా, నడి సముద్రంలో ఓడ ఎక్కడుందో గడియారంతో ఎలా తెలుస్తుంది? మా ముఖర్జీ నగర్ ఐఏఎస్ కోచింగ్‌లో సారు ఒక్క ముక్కలో తేల్చేశారు."

అచ్ఛా, కూర్చో. ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో చూస్తే అక్షాంశం వచ్చేస్తుందమ్మలూ, దానికి గడియారం అక్కర్లేదు. రేఖాంశంతోనే తంటా. నక్షత్రాన్ని చూసిన క్షణంలో గ్రీనిచ్‌లో టైమెంతో తెలియాలి. నాలుగు సెకన్లు తప్పితే, భూమధ్యరేఖ దగ్గర, మైలు తప్పినట్టే. అందుకని ఓడలో ఓ గడియారాన్ని పెట్టెలో పెట్టి పసిపిల్లలా చూసుకునేవాళ్లం. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి కీ ఇవ్వాలి. సెకండ్ ఆఫీసర్ని కదా, అది నా పని. ఇచ్చాక కెప్టెన్ గారికి చెప్పాలి, అదీ పద్ధతి.

రెండ్రోజులు ఇవ్వలేదమ్మా. జ్వరమా అంటే కాదు, ఒళ్లు బద్ధకం. ఆయన అడగ్గానే నోరు దానంతటదే "ఇచ్చేశానండీ" అనేసింది. రెండో రోజు సాయంత్రం చూద్దును కదా, ఆగిపోయి ఉంది. గబగబా నా చేతివాచీ చూసి దిద్దేశాను. ఆ వాచీ మా బావమరిది పెట్టింది... కాదు కాదు, సింగపూర్లో నేనే కొన్నాను. ఏదైతేనేం, అది నిమిషమున్నర వెనక నడుస్తోందని తర్వాత తెలిసింది. ఉరుముల గోలకి రేడియోలో టైము అందలేదు మరి.

ఆ టైముతోనే కెప్టెన్ గారు నక్షత్రాలు చూసి లెక్క కట్టారు. తెల్లారితే ఎదురుగా కనపడాల్సిన దీవి లేదు. ఇరవై మైళ్ల పైన పక్కకి పోయాం. లోతు నీళ్లు కాబట్టి బతికాం.

"గడియారం సరిగ్గానే ఉందా?" అన్నారు.

"ఉందండీ" అన్నాను. మళ్లీ అబద్ధం.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే నా కళ్లే" అన్నారు. ఆ ప్రయాణం అవగానే ఉద్యోగం మానేశారు. నాకంటే పదేళ్లే పెద్ద, తెలుసా. రేడియో అందగానే గడియారం గుట్టుగా సరిచేసుకున్నాను నేను. సిగ్గులేని వెధవని.

పోయినేడు ఆయన నోయిడాలో కూతురి దగ్గర ఉన్నారని తెలిసి, చెప్పేద్దామనే ఫరీదాబాద్ నుంచి మెట్రోలో వెళ్లాను. అప్పట్నుంచీ కారు ముట్టుకోలేదట, పిల్లల్ని స్కూటర్ ఎక్కించుకోలేదట. కళ్లు బాగానే ఉన్నాయని డాక్టర్లు చెప్పినా వినరట. ఆయన నవ్వి, "డాక్టర్లకేం తెలుసు, ఇదిగో, ఇతనే సాక్షి" అని నా భుజం తట్టారు.

నేను తలూపానమ్మా. తలూపి, టీ తాగి వచ్చేశాను.

నువ్వు పెద్ద ఆఫీసరవుతావు తల్లీ, చల్లగా ఉండు. అది సరే గానీ... వచ్చే ఆదివారం నీకు క్లాసుందా? లేకపోతే నోయిడాకి నాతో రా. ఒక్కణ్ణే వెళ్తే మళ్లీ టీ తాగి వచ్చేస్తాను...