మా అత్తగారికి చెవులు తెచ్చిన సైరన్

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళండి. తర్వాత నోరెళ్ళబెట్టి దవడ పట్టేసిందంటే నాకు పూచీ లేదు. ఈ అరవై ఎనిమిదేళ్ళలో నా నోట అబద్ధం దొర్లలేదు. దొర్లబోయినా పళ్ళు అడ్డుపడ్డాయి.

మొన్న ఆదివారం సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద కూడా ఇలాగే మొదలుపెట్టాను. ఇంకో పావుగంటలో అందరూ చేతులెత్తి తేల్చాలి: వాచ్‌మన్‌ని ఉంచుకోవడమా, తీసేసి మా అల్లుడి కొట్లో అలారాలు ఇంటింటికీ బిగించుకోవడమా. ఉద్యోగం పోతే మెట్లకింద గది కూడా పోతుంది. అందుకే వాచ్‌మన్ భార్య ఆ గది గుమ్మంలో నిలబడి, మడతపెట్టిన దుప్పటినే మళ్ళీ మడతపెడుతోంది. వాచ్‌మన్ నీళ్ళ మోటారు దగ్గర ఉన్నాడు. నేనేమో అల్లుడికి మాటిచ్చి వచ్చినవాణ్ణి.

"మా ఇంట్లో ఆ యంత్రాన్ని నేనే బిగించానయ్యా," అన్నాను. "ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో డ్రిల్లు, పళ్ళమధ్య స్క్రూలు."

"మరి నిచ్చెన ఎక్కిందెవరు బాబాయ్?" అన్నాడు టైలరు.

"అడ్డు తగలకు. మర్నాటికే అది అడుగుల చప్పుడు విని మనిషిని పోల్చేసింది. మూడోనాటికి, చుట్టాలు ఇంకా మెట్లెక్కుతూ ఉండగానే దీపాలార్పేసి, మేం ఊళ్ళో లేమని చెప్పడం నేర్చుకుంది. వారం తిరిగేసరికి పిల్లి వచ్చి పాలగిన్నె మూత తీసింది. మిక్సీ దానంతటదే గుర్రుమంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లి మూత మళ్ళీ పెట్టి, గిన్నెకంటిన తన కాలిముద్ర తుడిచి మరీ వెళ్ళింది!"

"బాగా చదువుకున్న పిల్లి," అంది టీచరమ్మ. ఆవిడే మా సంఘానికి కార్యదర్శి.

"డెబ్బై నాలుగేళ్ళవాణ్ణి, పిల్లి మీద అబద్ధమాడతానా అమ్మా?"

"ఇందాక అరవై ఎనిమిదన్నారు అన్నయ్యగారూ?"

"ఆ పిల్లితో వేగి ఆరేళ్ళు పెరిగాయి. సరే, సోమవారం పొద్దున సైరన్ మోగిందా లేదా? అది చెప్పండి."

"ఎందుకు మోగలేదూ! నా కత్తెర జారి ఎవరిదో కోటు చెయ్యి తెగింది," అన్నాడు టైలరు.

"అదీ! అది దొంగ! పట్టపగలు! మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిందని కనిపెట్టి వచ్చాడు. గుమ్మం దాటాడో లేదో వెనకాల తలుపు టక్కున పడింది. ఏసీ పదహారుకి దిగింది, వాడు గజగజా వణికాడు. వెంటనే హీటరు వెలిగింది. చొక్కా విప్పాడు, ప్యాంటు విప్పాడు, చివరికి నా తువ్వాలు చుట్టుకున్నాడు. ఫ్యాను ఎంత జోరుగా తిరిగిందంటే వాడు నేలకి జానెడెత్తున తేలాడు! ఆపైన టీవీ వెలిగి వాడికి సీరియల్ పెట్టింది. ఏడో ఎపిసోడ్‌కి తాను చేసిన దొంగతనాలన్నీ ఒప్పుకున్నాడు. పదో ఎపిసోడ్‌కి వాళ్ళ బావ చేసినవి కూడా!"

"మరి సైరనో?"

"వస్తున్నా. సైరన్ కూత వేసేసరికి పోలీసు జీపు తాళంచెవి లేకుండా, డ్రైవరు లేకుండా మన గేటుదాకా వచ్చింది. పోయే రైలు ఆగిపోయింది. మబ్బు పక్కకి జరిగి దారిచ్చింది. నలభై మైళ్ళ అవతల మా అత్తగారు, ఇరవయ్యేళ్ళుగా పిడుగు పడ్డా వినిపించని మనిషి, మంచం మీద లేచి కూర్చుని, 'ఎవరో వచ్చినట్టున్నారు, తలుపు తియ్యండే' అంది!"

అందరూ పొట్టలు పట్టుకున్నారు. కానీ నవ్వుల మధ్యనే పై అంతస్తు డాక్టరు, "పెద్దాయన సగం కోతలే కోసినా, మిగతా సగం నిజమైతే మనకి వాచ్‌మన్ ఎందుకు?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. గది గుమ్మంలో దుప్పటి మడత ఆగిపోయింది.

"సాక్షి ఎవరైనా ఉన్నారా?" అంది టీచరమ్మ.

అక్కడే నా బుద్ధి గడ్డి తింది. "లేకేం! అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది మన వాచ్‌మనే. ఏమోయ్, ఆ రోజు తువ్వాలు కట్టుకున్న మనిషిని చూశావా లేదా?"

వాచ్‌మన్ చేతులు తుడుచుకుని వచ్చాడు. "చూశానండి. కాకపోతే ఇంట్లో కాదు, గుమ్మం బయట, చెప్పుల స్టాండు వెనకాల. చెప్పమంటారా అయ్యగారూ?"

"చెప్పు, చెప్పు," అన్నారు అందరూ, నేను తప్ప.

"పేపరు తీసుకుందామని అయ్యగారు ఆ తువ్వాలుతోనే బయటికొచ్చారు, వెనకాల తలుపు తాళం పడిపోయింది. పుట్టిన సంవత్సరమే ఆ యంత్రానికి తాళం నంబరుగా పెట్టుకున్నారట. మూడు వేర్వేరు సంవత్సరాలు నొక్కి చూశారు. మూడూ తప్పే. అప్పుడు మోగిందండి. నా దుప్పటి కప్పి, అమ్మగారికి ఫోన్ చేశాను. పెన్షన్ కాగితంలో ఉన్న సంవత్సరం నొక్కమన్నారు, తెరుచుకుంది. ఎవరికీ చెప్పొద్దని అయ్యగారన్నారు, ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు మీరే అడిగారు గనక..."

అందరూ గుమ్మంలోని దుప్పటికేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు.

"బాబాయ్," అన్నాడు టైలరు నెమ్మదిగా, "వయసు విషయంలో ఆఖరికి తలుపుని కూడా మోసం చేశావన్నమాట."

చేతులు లేచాయి. డాక్టరుదే ముందు లేచింది. అన్నీ వాచ్‌మన్ వైపే. అలారానికి లేచింది నా చెయ్యొక్కటే, అదీ మోచేతి దాకా. వాచ్‌మన్ భార్య దుప్పటి లోపల పెట్టేసి వచ్చింది.

సరే, ఓడిపోయాను. దొంగ ముక్క తీసెయ్యండి. పిల్లి ముక్క సగం తీసెయ్యండి. కానీ ఆ సైరన్‌తో మా అత్తగారికి చెవులొచ్చిన మాట మాత్రం నికార్సైన నిజం. అనుమానముంటే ఆవిడనే అడగండి.

కాస్త గట్టిగా అడగాలి.