చల్లారిన కారు

పొద్దున తమ దళం మంటలార్పిన ఎలక్ట్రిక్ కారు గురించి ఆమె ఫైర్ స్టేషన్ నుంచి ఫోన్ చేసింది. ఆ కారును మెకానిక్ బావే తన షెడ్డుకి లాక్కెళ్లాడు.

"బావా, కారు ఎక్కడ పెట్టావు?"

"షెడ్డులోకి తోశాను. వానొచ్చేలా ఉంది."

"ఆరుబయట, దేనికీ తగలకుండా పెట్టమన్నానా లేదా?"

"మంట మీరే ఆర్పారుగా తల్లీ! ఇంకా భయమెందుకు?"

"ఆరింది పైమంట. బ్యాటరీ లోపల వేడి అలాగే ఉంటుంది, ఎప్పుడైనా మళ్లీ అంటుకోవచ్చు. లారీ మీద పెద్ద నీళ్లతొట్టి తెస్తున్నాం, కారును అందులో ముంచేస్తాం. పొగేమైనా వస్తోందా?"

"లేదు. నువ్వు ఊరికే నా ప్రాణం తీయకు."

"అక్కేదీ?"

"షెడ్డు పైగదిలో. జ్వరం, ఇప్పుడే కన్నంటుకుంది."

"లేపి కిందికి దింపు."

"ఎందుకు? ఇక్కడంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ కారు టిక్కుటిక్కుమనడం తప్ప చప్పుడే లేదు."

"టిక్కుటిక్కుమంటోందా?"

"ఇంజను చల్లారుతుంటే ఏ బండైనా అంతే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటున్నాను."

"బావా, ఆ కారుకి ఇంజనెక్కడుంది?"

ఫోన్‌లో ఇనుప మెట్లు దడదడలాడాయి.