దుర్బిణి దిమ్మెలను నిలబెట్టిన శ్రీ యేసుదానం గారు

1988వ సంవత్సరం జూలై నాలుగవ తేదీన, ఎమ్మిగనూరు వాస్తవ్యులైన శ్రీ యేసుదానం గారు మా సాయుధ దళ ఆయుధశాలలో తుపాకులు బాగుచేసే సహాయక ఆర్మరర్‌గా ప్రవేశించారు. చెరకు గానుగలు బాగుచేసే తండ్రిగారి వద్ద ఆకురాయి పట్టడం నేర్చిన ఆ చేతులు ముప్పై ఏడేళ్ళకు పైగా మా తుపాకులను కాపాడాయి. 2003లో ప్రధాన ఆర్మరర్ అయ్యారు. గొంతు మాత్రం పెంచలేదు. పెంచడానికి నేనున్నాను కదా!

స్వాతంత్ర్యానికి మునుపటి రైఫిల్ ఒకటి నా అధీనంలో ఉంది. దాని ఎడమ పక్కన దుర్బిణిని మోసే రెండు ఇనుప దిమ్మెలు, తగరంతో అతికి మరలతో బిగించినవి. 2024 ఆయుధపూజ తరువాతి తనిఖీలో అవి కదిలాయి. గుండు గురికి జానెడు దూరంలో పడింది. “పది దినాల్లో బాగుపడకుంటే కరిగించడానికి పంపండి. కారణం రాసివ్వండి” అని అధికారివర్యులు ఆదేశించారు. నా పదోన్నతి కాగితం అప్పుడు వారి బల్లమీదే ఉంది.

యేసుదానం గారు దిమ్మెలు విప్పారు. కింద ఎర్రటి జిడ్డు! ఏటేటా పూజనాడు ఆ దిమ్మెలకు నూనె రాసి బొట్టు పెట్టినవాణ్ణి నేనే. వదులైనప్పుడల్లా విప్పి చూడకుండా మర బిగించినవాణ్ణీ నేనే.

“ఏందప్పా రామాంజినేయులూ, కుంకుమంతా ఈడ దాచిపెట్టినావు? కింద నూనె ఉండాది, ఇంగ తగరం యాడ పట్టుకుంటాది?” అన్నారు.

“తప్పైపోయిందన్నా. సార్‌కు చెప్తావా?”

“సుమ్మనుండప్పా, ఏం మాట్లాడొద్దు. ముందు పని చూద్దాం.”

జిడ్డంతా పోయేదాకా కడిగి, దిమ్మెల అడుగునూ రైఫిల్ పక్కనూ మెరిసేలా గీకి, ఉక్కు పదును చెడకుండా మెల్లగా వేడిచేసి, తగరం పూసి దిమ్మెలను అతికించి, అరిగిన మరల స్థానంలో తమ చేత్తో మలచిన కొత్తవి బిగించారు. ఎనిమిదవనాడు పేల్చి చూస్తే పది గుండ్లూ అరచేతంత చోటులోనే పడ్డాయి. అధికారివర్యులు అడిగితే, “తగరం టాకా వదిలిండె సార్, మళ్ళీ వేసినాం” అన్నారు. మరమ్మతు పుస్తకంలో కారణం గడిని ఖాళీగా వదిలారు. నాకు పదోన్నతి వచ్చింది. సంతోషం కంటే సిగ్గే ఎక్కువైంది.

మరుసటి ఏటి పూజకు, ప్రతి ఆదివారం భార్య కరుణమ్మ గారితో చర్చికి వెళ్ళే ఆ పెద్దమనిషే కుంకుమ పళ్ళెం నా చేతికిచ్చి, “బొట్టు తుపాకి కట్టెకు పెట్టప్పా, ఇనుముకు వద్దు” అన్నారు.

మా దళం వెలువరించే ఈ సంచికను అధికారివర్యులూ చదువుతారు. చదవనీ! నిన్న మరమ్మతు పుస్తకంలోని ఆ ఖాళీ గడిలో ‘రామాంజినేయులు అజాగ్రత్త’ అని రాసి సంతకం పెట్టాను. యేసుదానమన్నా, మీరూ వదినగారూ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండండి. ఇకమీదట నా తప్పులు నేనే మోసుకుంటాను.