రెండు గుమ్మాల బడిని ఒకటి చేసిన పెద్ద టీచరు గారు

1989 సెప్టెంబరు నాలుగవ తేదీన మన ప్రభుత్వ శిశు విద్యాలయంలో సహాయ ఉపాధ్యాయినిగా అడుగుపెట్టిన పెద్ద టీచరు గారు, ముప్ఫై అయిదేళ్ల అవిశ్రాంత సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

నాడు మన చిన్న ఊరిలో పసివారికి రెండే మార్గాలు: ఒంటిపూట బడి, రెండు పూటల బడి. భవనం ఒకటే, గుమ్మాలు వేరు. నావంటి గృహిణుల పిల్లలు మొదటిదానికీ, మిల్లుకూ ఆసుపత్రికీ పనికి వెళ్లే పలు భాషల వారి పిల్లలు రెండవదానికీ వెళ్లేవారు. గోడకు అటూ ఇటూ ఉన్న నాలుగేళ్ల పౌరులకు పరస్పర పరిచయ భాగ్యం లేదు.

2006లో ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి పొందిన టీచరు గారు, ఉదయం పూట అందరినీ కలిపి కూర్చోబెట్టాలని సంకల్పించారు. ఒంటిపూట బడి తల్లులం సంఘంగా చేరి ససేమిరా అన్నాము. మా పిల్లల భాష పాడవుతుందనీ, రెండు పూటల బడిని బస్సు డిపో వెనుక ఉన్న కిటికీల్లేని గోదాముకు తరలించాలనీ పై అధికారులకు అర్జీ సిద్ధం చేశాము. రాసింది నేనే. ఇరవై ఎనిమిది మంది పసివారి భవితవ్యం ఆ కాగితంపై ఆధారపడి ఉంది.

అర్జీ చదివి టీచరు గారు, "పంపండమ్మా, తప్పేం లేదు. పంపేముందు ఒక్కరోజు వచ్చి కూర్చోండి. మాటల్లో చెప్పడం నాకు రాదు" అన్నారు.

సంఘం నన్నే గూఢచారిగా నియమించింది. ఆ రోజు టీచరు గారు రెండు వైపుల పిల్లలనూ ఒకే గదిలో కలిపి కూర్చోబెట్టారు. మోకాళ్లు గడ్డానికి తగిలే కుర్చీలో కూర్చుని లోపాలు వెతికాను. మా అమ్మాయి, భాష కలవని ఒక నర్సుగారి అబ్బాయితో బొమ్మ లారీ కోసం అనర్గళంగా పోట్లాడింది. మధ్యాహ్నం గంట కొట్టినా ఇంటికి రానంది. నిద్రను జన్మశత్రువుగా ఎంచే ఆ పిల్ల, అతని పక్కన చాప వేయించుకుని మరీ పడుకుంది.

గేటు దగ్గర పక్కింటి వదిన అర్జీతో కాచుకుని ఉంది.

"ఏం వదినా, లోపలంతా గోలేనా?"

"ముందు నువ్వు గొంతు తగ్గించు. పిల్ల పడుకుంది."

"ఒంటిపూట పిల్ల ఇక్కడ పడుకోవడమేంటి, విడ్డూరం!"

"నాకూ అదే అర్థం కావట్లేదు. రేపు నువ్వొచ్చి చూడు."

ఆమె వచ్చింది. మిగతావారూ ఒక్కొక్కరే వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. అర్జీ పోస్టు కాలేదు. నెల తిరక్కముందే మధ్య గోడ తొలగింది. అడ్మిషన్ రిజిస్టరు రాసే పని నాకప్పగిస్తూ టీచరు గారు, "మీ దస్తూరీ బాగుంటుంది లెండి, చూశాను కదా" అన్నారు.

నేడు ఆరు భాషల ఇళ్ల పిల్లలు ఒకే హాజరుపట్టీలో ఉన్నారు. గోదాము లోపల ఎలా ఉంటుందో మాత్రం మన ఊరి పిల్లల్లో ఏ ఒక్కరికీ నేటికీ తెలియదు. టీచరు గారి సేవకు ఇంతకంటే పెద్ద ప్రశంస నాకు తోచడం లేదు. ఇకపై ఉదయాలు తొందరలేక, మధ్యాహ్నాలు నిద్రకు లోటులేక, చక్కని ఆరోగ్యంతో కుటుంబం నడుమ వారు నిండు నూరేళ్లూ హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.