వందలో ఏడో బండి

మొగిలి అబద్ధాలాడే మనిషి కాడు. ఉన్న ముచ్చటకు కొంచెం గాలి కొడతాడు, అంతే. డెబ్బై నాలుగులో ఓ సాయంత్రం మాత్రం, పాపం, ప్రాణం మీదికొచ్చి కొట్టాడు.

బాలానగర్‌లో తను ఫిట్టరుగా చేసే ఫ్యాక్టరీ గేటు ఎదుటే సత్తెమ్మ చాయ్ కొట్టు. కొట్టు ముందు అతని ఎర్ర మోటారు సైకిలు. "కొన్నదానికన్నా ఒక్క రూపాయి ఎక్కువిస్తే అమ్మి నీకు బర్రెను కొంట" అని వారం కింద పెళ్లాం రుక్కమ్మకు సత్తెమ్మ ముందరే మాటిచ్చాడు. పాత బండికి ఎక్కువిచ్చే వెర్రివాడు ఎక్కడుంటాడని అతని ధీమా.

వచ్చాడు. పేరు సుబ్రహ్మణ్యం, కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా. కొత్త స్కూటరుకు పేరు రాయించుకుని మూడేళ్లుగా ఎదురు చూస్తున్నవాడు. అతన్ని ధర చెప్పి భయపెట్టి పంపేద్దామని మొగిలి ఉపాయం.

"ఇది మామూలు బండి గాదు సార్. కంపెనీ గిసుంటియి వందే చేసింది. ఇది ఏడోది" అని ట్యాంకు మీద '7/100' అని కొట్టి ఉన్న ఇత్తడి బిళ్లను తువ్వాలతో తుడిచాడు. "రెండు వేల రెండొందలకు కొన్న. పోయినేడు మా మేస్త్రి మూడు వేలిస్తనన్నడు."

"పాత బండికాండీ?"

"గదే చెప్తున్న. మూడు వేలంటే నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఓ ఐతారం సెలవునాడు నార్సింగి దిక్కు పోతున్న, ఎనక నుంచి ఇంత పెద్ద కారొచ్చి అడ్డం నిలవడ్డది, అండ్లకెంచి ఓ సేటు దిగి తాళంచెయ్యి నా చేతుల వెట్టి, 'కారు నువ్వుంచుకో, బండి నాకియ్యి' అని ఒక్కటే బతిలాడుడు."

"మరి తీసుకున్నవా?" అన్నాడు రాజయ్య చాయ్ ఊదుకుంటూ. అదే ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో పనిచేసే మొగిలి దోస్తు.

"నాకు కారు నడుపరాదు గదా. గది ఇడువు. మాదాపూర్ గుట్టల మీద బండి ఒక్క ఎగురు ఎగిరింది సార్, దుర్గం చెరువు ఈ ఒడ్డున లేచి ఆ ఒడ్డున దిగింది, నడుమల నేను బీడీ గూడ ముట్టిచ్చుకున్న. చూసిన పటేలు ఉరికొచ్చి, చెరువు చుట్టున్న గుట్టలన్ని రాసిస్త, బండియ్యి అన్నడు. రెండొందల ఎకరాలు."

"వద్దన్నవా?" అంది సత్తెమ్మ.

"రాళ్లు ఏం జేసుకోను? అక్కడ ఎవడుంటడు? బండికి ఏడాదికేడాది ధర పెరుగుతది గని రాళ్లకు పెరుగుతదా?"

అందరూ తలలూపారు. ఆ ఒక్క మాట మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు.

"అందుకే సార్, ఐదు వేలకు పైసా తగ్గ" అని, ఇక లేచి వెళ్లిపోతాడని మొగిలి చూశాడు. సుబ్రహ్మణ్యం లేవలేదు. చొక్కా జేబులోంచి కవరు తీశాడు.

"మూడు వేలు తెచ్చానండి. మిగతాదానికి మా ఆవిడ గాజులున్నాయి, పొద్దున్నే అమ్మేస్తాను. ఏటా ధర పెరిగే బండంటే గాజుల కంటే నయమే కదండీ."

మొగిలి కవరు వంక, తన బండి వంక చూశాడు. బండి పోతుందన్న దుఃఖం ఒకటి, ఆ గాజుల మాట ఒకటి. నిజం చెప్పేద్దామనుకున్నాడు గాని, అలవాటు లేక మాట పెగల్లేదు.

సత్తెమ్మ గ్లాసులు కడగడం ఆపింది. "సారూ, పైసలు లోపట వెట్టుకోండ్రి. ఆ బిళ్ల రాజయ్య చేసిండు, గీ బల్ల మీదనే కూసోని. వెయ్యి అని కొడదామంటే జాగ సాలక వంద అని కొట్టిండు. బండికి ముగ్గురం నూకంది పాణం రాదు. మీ ఇంటికాడ నూకెటోళ్లున్నరా?"

రాజయ్య గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ముగ్గురు గాదు" అన్నాడు మొగిలి చిన్నగా. "ఇద్దరు సాలు."

సుబ్రహ్మణ్యం వంగి బిళ్లను గోటితో గీకి చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వి, కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా వీధిలో ఒక్కరూ లేరండీ."

మొగిలికి పరువు పోయింది, బండి మిగిలింది. ఇంత సంతోషం అతనికి కొన్న రోజు కూడా కలగలేదు. "రుక్కమ్మకు నేను సర్ది చెప్త తియ్యి" అంది సత్తెమ్మ.

చీకటి పడకముందే ఇల్లు చేరాలని బండెక్కాడు. రాజయ్య ఒక పక్క, సత్తెమ్మ ఒక పక్క, వెనక సుబ్రహ్మణ్యం కలిసి బండిని తోశారు. సగం దూరంలో రాజయ్య, సత్తెమ్మ ఆగిపోయారు. వీధి చివర బండి దగ్గి, తుమ్మి, అందుకుంది. మొగిలి ఒక చుట్టు తిప్పుకొచ్చి, రొప్పుతున్న సుబ్రహ్మణ్యం పక్కన ఆపాడు.

"చూసిండ్రా సార్? ఒక్క కిక్కుకే అందుకుంది."

"చూశానండి" అన్నాడు సుబ్రహ్మణ్యం చొక్కాతో చెమట తుడుచుకుంటూ. "ఆ కిక్కు నేనేనండి."