రాయిలో కింద సగం

శాసనం పై సగానికే పిండి పూసి చదువుకుని, కింద సగాన్ని బురదలోనే వదిలేస్తారేమండీ? మఠం తరఫున ఇంత దూరం వచ్చి, చేతికి బురద అంటుతుందనా? మీరు ఆచార్యులు. మీకిది తగదు.

అలా దిక్కులు చూడకండి. నేను ఈ గుడి ధర్మకర్తగారి భార్యనండి, సూరమ్మని. ఘోషా దాటి వచ్చి పరాయి మనిషితో మాట్లాడే ఇంటిదాన్ని కాను. ఇప్పుడు నన్ను కాదనేవారెవరున్నారు లెండి!

కింద ఏముందో నాకెలా తెలుసంటారా? అక్షరాలు రావు, నిజమే. చెవులున్నాయి కదండీ! ఏటా గోదారికి వరద ఎర్రనీరు రాకముందు ఈ శాసనం మొత్తం పైకి చదివేవారు. తెర వెనక కూర్చుని వినేదాన్ని. స్వామిని ప్రతిష్ఠించింది మీ మఠం మూలపురుషులని పై సగంలో ఉంది. ఉంది, కాదనను. ఆ స్వామిని గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర్నుంచి పడవలో మోసుకొచ్చింది మా రేవు బెస్తల పెద్ద నూకయ్య తాతముత్తాతలని కింద సగంలో ఉంది. అందుకని తొలి హారతి వాళ్ళకి. ఆ హారతి అందుకున్నందుకు, వరద తీసేదాకా వాళ్ళ పడవలు గుడి రేవులో కట్టి ఉంచాలి. హారతీ, పడవా ఒకే రాయి మీద ఉన్నాయండి.

అప్పట్లో మీలాగే మీ మఠం నుంచి ఓ స్వామివారు వచ్చేరు. మా వారు దీక్ష పుచ్చుకున్నారు. మంచిదే. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం. అబద్ధం ఆడే మనిషి కాదు, ఒట్టు. దీక్ష లేనివాళ్ళకి ఈ గుళ్లో హారతి ఇవ్వకూడదన్నారు స్వామివారు. మరి రాయి అడ్డంగా ఉంది కదా? మా వారు దాన్ని పగలగొట్టించలేదండి. చెక్కించలేదు. మండపంలో అరుగు ఎత్తు చేయించేరు, అంతే. కింద సగం అరుగులోకి వెళ్ళిపోయింది.

"ఒక్క అక్షరమైనా చెరిపానా, చెప్పు?" అని నన్నే అడిగేరు.

ఆ ఏడు నూకయ్య కొత్త పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని వచ్చేడు. పూజారి పై సగం చదివి ఆపేశాడు.

"ఇంకా ఉంది కదండీ, రాజుగారూ?" అన్నాడు నూకయ్య.

"రాయి మీద కనిపించిందే చదువుతాం," అన్నారు మా వారు.

నూకయ్య అరవలేదండి. ఆ కొత్త అరుగు వంక కాసేపు చూసేడు. "ఆయ్. మీరు చదవని మాట మాకూ లేదండి," అన్నాడు. రేవులోకి దిగి, గుంజకున్న తాడు విప్పుకుని, తన వాళ్ళందరితో, పడవలతో సహా ఓడలరేవు ఊరికి వెళ్ళిపోయేడు. గుళ్లో చేపల కంపు వదిలిందని మఠం వాళ్ళు ఒకటే నవ్వులు!

శ్రావణంలో గట్టు తెగింది.

ఊరి మొత్తానికీ ఎత్తయిన చోటు ఈ గుడే. మండపం కప్పు మీదికి ఎక్కేం. కింద నీళ్ళు అరుగు ఇటుకల్ని లాగేసుకుంటున్నాయి. మా పిల్ల వీరలక్ష్మి వాళ్ళ నాన్నగారి మెడ కావిలించుకుని ఉంది. రేవులో ఖాళీ గుంజ చూపించి, "నాన్నగారూ, పడవేదండీ?" అంది.



మళ్ళీ అడిగింది. అడుగుతూనే జారిపోయింది.

నీళ్ళు తీసేక వచ్చి చూస్తే అరుగు లేదండి. కింద సగం బయటపడి ఉంది. నిజమే, ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

ఎర్రనీటి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ ఆ కప్పు మీంచి పిల్ల గొంతు వినిపిస్తుంది నాకు. పడవేదండీ, అని. కాసేపు ఉండండి, మీకూ వినిపిస్తుందేమో.

ఏమిటీ, శాసనం రాసుకున్న తాటాకులు కట్ట కట్టేస్తున్నారా? గుడి మీ మఠానిదేనని కచేరీలో దొరగారికి చూపించడానికి పై సగం చాలునా? అరుగు మళ్ళీ కట్టించమని కూడా చెప్పేరట పూజారికి! సరే, మీ ఇష్టం. చదువుకున్నవారు. చెప్పడానికి నేనెవర్ని?

ఆ కేకా? భయపడకండి, రేవులోంచేనండి. మా వారు. పొద్దు వాలితే ఆ గుంజ దగ్గర నిలబడి పిలుస్తారు. "మొత్తం చదువుతానురా నూకయ్యా, పడవ తీసుకురారా" అని. శాసనం కింద సగం అంతా గడగడా చదివేస్తారు. వినేవాడే లేడు.

నూకయ్య జాలిపడి ఓసారి పడవ తెచ్చేడండి. రండి రాజుగారూ, ఇంటి దగ్గర దించుతానన్నాడు.

ఆయన ఎక్కలేదు. కప్పు మీద పిల్ల ఉంది, ముందు దాన్ని దింపుకుని రమ్మన్నారు.