ఇసకలో ఊరిన గడ్డలు

మళ్లా ఆ పెట్టెల మాటేనా సార్? రెండేండ్లకి కనపడితిరి. కుప్పం బస్సు దిగి నేరుగా నా అంగడి కాడికే వస్తిరి. బాగుండావా రెడ్డెమ్మా అని ఒక మాటన్నా అడిగినారా, లేదు. గంగులప్ప యాడ, ఆ పెట్టెల సంగతి మాట్లాడాల అంటారే!

కూర్చోండి. ఆ బెంచీ ఇప్పుడే తుడిసినాను. మీ మదనపల్లె బస్సు ఇప్పట్లో కదలదులే. డ్రైవరు భోజనానికి పొయ్యినాడు. ఈ పుంగనూరు బస్టాండులో రెండేండ్లుగా ఇడ్లీలు అమ్ముతాండాను, నాకు తెలీదా వాళ్ల సంగతి?

మా ఆయప్ప నీళ్లకి పొయ్యినాడు. బోరింగు కాడ జనం ఉంటారు, రావల్లంటే కొంచెం సేపవుతాది. ఇప్పుడు నీళ్లు మోసేది ఆయప్పే సార్. నన్ను బిందె ముట్టనీడు.

ఏమి? కుప్పంలో మీరు మళ్లా ఆ పెట్టెలు పెట్టి సూసినారా? లెక్కే తప్పా? ఆ ఉప్పుల కాగితంలో అన్నభేది పొడి తూకం మీరే తప్పు రాసిచ్చినారా?

ఆయప్పకి క్షమాపణ సెప్పాలని దిగినారా సార్ మీరు!

అయ్యో. అయ్యో. ఇదేం కర్మ నాకు.

వద్దు సార్. ఉండండి. ఆయప్ప వచ్చేలోగా నా మాట ఇనండి. ఒక్కసారి ఇనేసి, తర్వాత మీ ఇష్టం.

మాది తంబళ్లపల్లె పక్కన సేద్యం ఇల్లు, అది మీకు తెలుసు. బాయి ఎండిపొయ్యింది. ఇంకొంచెం లోతు తవ్వితే నీళ్లు పడతాయని ఆయప్ప తవ్వించినాడు. రాయి తగిలింది. ఎద్దుల్ని అమ్మేసి మదనపల్లె సేరుకుంటిమి. మీ కాలేజీ ల్యాబులో అటెండరు పని దొరికింది, అది గూడా టెంపరరీ. మడక పట్టి దున్నిన సెయ్యి సార్ అది. గాజు గొట్టాలు కడగాలంటే వణికేదంట.

ఆ గొట్టాలు కడిగే మనిషికి మీరు ఒకనాడు సెప్పినారు. మట్టి వద్దు, బాయి వద్దు, వాన వద్దు. ఇసకా, నాలుగు రకాల ఉప్పులు కలిపిన నీళ్లూ ఉంటే ఇంట్లోనే గడ్డలు పండియ్యొచ్చు అని.

ఆ పొద్దు ఇంటికొచ్చిన మనిషిని మీరు సూసుండాల! సొక్కా గూడా ఇప్పలే. "రెడ్డెమ్మా, మనకింక బాయి అక్కర్లేదంట!" అని నవ్వినాడు. బాయి ఎండినాక ఆయప్ప నవ్వింది అదే మొదలు.

నేను మాత్రం మురిసిపోలేదా? నేనూ మురిసిపోతిని. టీ పొడొచ్చే సెక్క పెట్టెలకి లోపల తారు పూసినాము. అడుగున బొక్క, బొక్క కింద డబ్బా. ఏటి ఇసక తెచ్చి బియ్యం కడిగినట్ల కడిగినాను. ఎన్ని నీళ్లకి కడిగినానో! మెడికల్ షాపుకి పోయి భేదుప్పు కావాల అంటే, "ఎవరికమ్మా, ఎన్ని దినాలుగా ఇబ్బంది?" అంటాడాయన. ముల్లంగికి అంటిని. అంగడంతా నవ్వింది.

బయట పెడదామంటే వాకిలి మంచమంత. మేకలు, పందులు. ఎండకి నీళ్లు ఆవిరైపోతాయని మీరే అంటిరి. అందుకని ఇంట్లోనే. వెలుతురుకి పైన నాలుగు పెంకులు తీసి గాజు పెంకులు పెట్టినాడు. ఇంటి ఓనరుకి సెప్పనే లేదు.

మొదటి ముల్లంగి పెరికిన పొద్దు మీరూ వచ్చినారు గదా. తెల్లంగా ఉండింది, మట్టి మరకే లేదు. మీరు ఆడనే కొరికి తిన్నారు. "గంగులప్పా, నువ్వు ఇంక అటెండరువి గాదప్పా, రైతువే" అన్నారు. ఆ మాట పట్టుకుని ఎన్ని దినాలు బతికినాడో మీకేం తెలుసు! ఒకటి ఆరు పెట్టెలాయ. ముల్లంగి, బీట్‌రూటు, క్యారెట్టు. ఉండేది ఒక గదీ వంటిల్లూ. పెట్టెల సందులో సాప ఏసుకుని పడుకునేవాళ్లం. కాలు సాపితే పెట్టెకి తగిలేది.

పెద్దాఫీసర్లని పిలిపిస్తాను, వాళ్లకి నచ్చితే ఊరూరా పెట్టిస్తారు, నిన్ను మీ ఊరికే పంపిస్తాను నేర్పించేదానికి అంటిరి. మా ఊరికి సార్! తల దించుకుని వచ్చిన ఊరికి. నిద్రలో గూడా అదే మాట ఆయప్పకి.

కానీ నీళ్లు ఎవురు మొయ్యాల?

సేన్లో పోసే నీళ్లల్లో పదో వంతు సాలు అంటారు మీరు. నిజమే. ఆ పదో వంతు వచ్చేది నా నడుం మీదనే గదా! ఎనభై రెండులో వానలు లేవు. సలికాలం పోకముందే కొళాయి మూడు దినాలకి ఒకసారి. ఆ వీధి కొళాయి కాడ ఆడోళ్లు జుట్లు పట్టుకున్నారు. రెండు పూటలా పెట్టెలకి పొయ్యాల. పెట్టెలకి ముందు, మాకు తర్వాత. పక్కింటి కౌసల్య ఒక సెంబు అడిగితే లేదన్నాను. లోపల రెండు బిందెలు పెట్టుకుని లేదన్నాను సార్.

నాకప్పుడు నాలుగో నెల.

ఏమి అట్ల సూస్తారు? మీకు తెలీదు. ఎవురికీ తెలీదు. ఆయప్పకే తెలీదు.

అంతకు ముందు రెండు తూర్లు కడుపు నిలిచినట్లే నిలిచి పొయ్యింది. రెండు తూర్లూ ముందే సెప్పి, తర్వాత ఆయప్ప మొగం సూడలేకపొయ్యినాను. ఈ తూరి అయిదో నెల రానీ, అప్పుడు సెప్తాం అనుకున్నాను. సెప్పుంటే బిందె ముట్టనిచ్చేవాడా? తప్పు నాదే. ఏం జేసేది, భయం.

కొళాయి కాడ పాచి. తోపులాట. సంకన బిందె. జారినాను.

కౌసల్యే సార్, నేను నీళ్లు లేదన్న కౌసల్యే, రిక్షాలో ఏసుకుని ఆస్పత్రికి తీసకపొయ్యింది. అంతా అయిపొయ్యింది. ఆయప్పకి సెప్పొద్దని ఆయమ్మ సేత ఒట్టేయించుకున్నాను. నడుం పట్టింది, జారిపడింది, అంతే అని సెప్పింది. ఆయప్ప పరిగెత్తుకుంటా వచ్చినాడు. కండ్లల్లో నీళ్లు. మంచోడు సార్, నేను కాదన్ను. ఆ పొద్దు నుంచి నీళ్లు తనే మోసినాడు.

కానీ ఒక మాట అడగలే. జారిపడిన మనిషిని రెండు దినాలు ఆస్పత్రిలో యాల పెట్టుకున్నారు అని అడగలే. మొగం యాల అట్ల పాలిపొయ్యింది అని అడగలే. అడుగుతాడని సూసినాను. అడిగితే సెప్పేద్దామని పడుకోని సూస్తానే ఉన్నాను. పెట్టెలకి నీళ్లు పోసేవాడు, నాకు గంజి ఇచ్చేవాడు, మళ్లా పెట్టెల కాడికి పొయ్యేవాడు.

వారం దినాలైనాక ఒక మజ్జానం. సాప మీద పడుకోనుండాను. ఆయప్ప క్యారెట్టు పెట్టె కాడ గొంతుకూర్చుని వేలితో ఇసక తీస్తాండాడు. ఉన్నట్టుండి, "రెడ్డెమ్మా! ఊరతాండాది! ఈడ సెయ్యి పెట్టి సూడు!" అని నా సెయ్యి పట్టుకుని ఇసకలోకి పెట్టినాడు.

సల్లగా తగిలింది. బొటనేలంత. తడిగా, గట్టిగా, నిండుగా.

"తెలస్తాందా? లోపల్లోపలే ఊరతాండాది" అంటాడు. ఆ మొగంలో ఎంత సంతోషమో! తర్వాత ఆ ఇసకని మెల్లగా మళ్లా కప్పినాడు. బిడ్డకి దుప్పటి కప్పినట్ల కప్పినాడు సార్.

నేను అవతలికి తిరిగి పడుకున్నాను. నోట్లో కొంగు కుక్కుకున్నాను.

మీ ఆఫీసర్లు వచ్చేది సోమారం. నేను సేసింది శుక్రవారం. ఆయప్ప కాలేజీకి పొయ్యినాడు. డబ్బాలో ఉండే రాళ్లుప్పంతా బిందెలో కరిగిచ్చినాను. పిచ్చి పట్టలే, పూనకం రాలే. తెలివితోనే సేసినాను. మీరు ఉప్పులు కలిపిన నీళ్లే గదా పొయ్యమన్నారు? నేనూ ఉప్పు నీళ్లే పోసినాను. ఆరు పెట్టెలకీ సమంగా. పోసేటప్పుడు నడుం లాగింది. ఒక పెట్టె అయినాక కూర్చున్నాను. మళ్లా లేసి పోసినాను.

ఇప్పుడు ఇనబడిందా సార్?

మీ అన్నభేది లెక్క తప్పే అయ్యుండొచ్చు. దానికి ఆకు కొంచెం మాడేదేమో. ఆ మొక్కలు సచ్చింది మాత్రం మీ లెక్కకి గాదు, ఆయప్ప కొలతకీ గాదు. నా సేతికి.

మర్నాడు సాయంత్రానికే ఆకులు వాలిపోయినాయి. ఆయిత్వారం అంచులు కాలినట్లయినాయి. ఆ మనిషి ఆ రెండు దినాలు ఎట్ల తిరిగినాడో! మీ కాగితం తీస్తాడు, సదువుతాడు, తక్కెడ తీస్తాడు, మళ్లా తూస్తాడు. ఇసకంతా కడిగినాడు. ఏం మిగలలే. "యాడనో ఎక్కువేసినట్లుండాను రెడ్డెమ్మా" అని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను అన్నం పెట్టినాను. తిను అన్నాను. అంతే.

సోమారం మీరు ముగ్గురు ఆఫీసర్లని పిలుసుకొచ్చినారు. ఆరు పెట్టెల్లోనూ వాడిపోయిన ఆకులు. వాళ్లు ముక్కు మూసుకున్నారు. మీరు ఆయప్పని వాళ్ల ముందర ఏమన్నారో గుర్తుండాదా? "పొడి తూసేదానికి గూడా తెలివి లేనోడిని నమ్ముకున్నాను" అన్నారు. ఆయప్ప సేతులు కట్టుకుని, "తప్పు నాదే సార్" అన్నాడు. నేను తలుపెనక నిలబడుకోనుండాను. నాలుగడుగులు ముందుకొస్తే సాలు. రాలేదు.

లేదులే సార్, కండ్లు తుడుసుకోండి. మిమ్మల్ని అనాలని సెప్పలే. కోపంలో ఎవురైనా అంటారు. నేను సేసిందానికి మీ మాట ఎంత?

తర్వాత ఆయప్ప కాలేజీకి పోలే. పెట్టెలు పగలగొట్టి పొయ్యిలో పెట్టినాడు. మా అమ్మోళ్ల ఊరని ఈ పుంగనూరుకొచ్చి పడితిమి. సొంతూరి పేరెత్తడు. సాంబారులో ముల్లంగి ముక్కొస్తే ప్లేటు పక్కకి నెట్టేస్తాడు. ఎసరు పెడతాడు, పిండి రుబ్బుతాడు, గ్లాసులు కడుగుతాడు. పిండిలో ఉప్పు మాత్రం ఎయ్యడు. "నా సెయ్యికి కొలత రాదు, నువ్వే ఎయ్యి" అంటాడు. ప్రతి పొద్దూ అంటాడు సార్. ప్రతి పొద్దూ నేనే ఏస్తాను.

ఎన్ని తూర్లు సెప్పాలనుకున్నానో. ఉప్పు మాట సెప్పాలంటే బిడ్డ మాట సెప్పాల. బిడ్డ మాట సెప్తే, ఆ పెట్టెల కోసమే పొయ్యిందని ఆయప్ప తల బాదుకుంటాడు. ఒకటి మోస్తాండాడు, ఇంకొకటి ఎత్తేదా?

ఇదంతా సాకులే అంటారా? అయ్యుండొచ్చు. భయం గూడా ఉండాది. ఈ ప్రపంచంలో నాకుండేది ఆ మనిషి ఒక్కడే.

అందుకే ఒకటి అడుగుతాను సార్. మీరు తప్పు మీదేనని సెప్పాలనే గదా దిగినారు? సెప్పండి. కాగితంలో లెక్క తప్పు, నీ తూకం సరిగ్గానే ఉండింది గంగులప్పా అని సెప్పండి. అది అబద్ధం గూడా గాదు, సగం నిజమే. ఆ మిగతా సగం మీరు మొయ్యండి. మొయ్యలేరా? మీరు సదువుకున్నోళ్లు, మీకు ఉద్యోగం ఉండాది, జీతం ఉండాది. ఒక తప్పు ఎక్కువైతే మీకేం తక్కువ!

బస్సు పక్కకి సూస్తారే?

సరేలే. మొత్తం సెప్పేయాలనిపిస్తే సెప్పేయండి. మిమ్మల్ని నేను పట్టుకోలేను. నాకు సాలయ్యింది సార్. రెండేండ్లుగా ఆయప్ప నా ఎదురుగా కూర్చుని అన్నం తింటా ఉంటే సూసి సూసి, నాకు సాలయ్యింది.

అదో, వస్తాండాడు. నీలం సొక్కా. భుజాన కావిడి. మిమ్మల్ని సూడలే ఇంకా.

లేయొద్దు సార్, కూర్చోనే ఉండండి. మీరు లేసి నిలబడితే ఆయప్ప భయపడతాడు.